కణాన్ని పెంచే మందు, కణితిని ఆపే మందు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

హోసూరు, బాగలూరు, తళి, వేపనపల్లి చుట్టుపట్ల పల్లెలలో నెల తప్పిన ప్రతి ఇల్లాలికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఎర్రని మాత్రలు ఇస్తారు. రక్తం పట్టే మాత్రలని మన ఇళ్ళలో వాటికి పేరు. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లమనే మరొక పదార్థం ఉంటుంది. కడుపులోని బిడ్డ కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై పెరగడానికి అది అత్యవసరం. ఇక అదే హోసూరు నుండి పెద్ద రహదారి పట్టుకొని సుమారు నలభై కిలోమీటర్లు ప్రయాణించి బెంగళూరు చేరితే, ఆ దారి పక్కనే కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మన సరిహద్దు జిల్లా కుటుంబాలెన్నో గుండె చిక్కబట్టుకొని మెట్లెక్కిన చోటు అది. అటువంటి ఆసుపత్రులలో కణాల పెరుగుదలను ఆపడానికి వాడే మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. పెంచే మాత్ర, ఆపే మందు, ఈ రెండూ ఒకే ప్రయోగశాలలో, ఒకే తెలుగువాని నాయకత్వంలో రూపుదిద్దుకున్నాయన్న సంగతి ఆ మాత్ర మింగేవారిలో చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న గోదావరి తీరపు భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల త్వరగా విరమించుకోవలసి రావడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. బాలుడైన సుబ్బారావుకు చదువు మీద మొదట శ్రద్ధ కుదరలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడనవుతానని పదమూడవ యేట ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెదికి పట్టుకొని వెనక్కు తెచ్చిందని చెబుతారు. ఆ తల్లి పట్టుదలే లేకపోతే ఈ కథ అక్కడితో ముగిసేది. ఆమె నగలమ్మి కొడుకును చదివించింది. రాజమహేంద్రవరంలో తప్పిన మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన మద్రాసు తిరువల్లిక్కేణి హిందూ ఉన్నత పాఠశాలలో చేరి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష తప్పిన పిల్లలున్న ఇళ్ళవారు ఈ మాట గుర్తుంచుకోదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగిశాక మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరాలని ఆశించారు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోలేమన్నారు మఠం పెద్దలు, తల్లి ఒప్పుకోలేదు. రోగులకు సేవ చేయడమూ సాధనే అన్న తలంపుతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. చదువుకు ఖర్చు పెట్టినవారు అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి. వారి కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావుకు వివాహమైంది.

అవి గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టడం మొదలైన రోజులు. శస్త్రచికిత్స గదిలోకి కూడా సుబ్బారావు ఖద్దరు దుస్తులతోనే వెళ్ళేవారు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది కంటగింపయింది. రాత పరీక్షలలో బాగా రాసినప్పటికీ చివరకు సుబ్బారావు చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే. ఆ ఒక్క చిన్నచూపు ఆయన బ్రతుకు దారినే మార్చివేసింది. ప్రభుత్వ వైద్య కొలువు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కాలం గడిపారు.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలో ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. స్ప్రూ అనే ఆ వ్యాధిలో తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలుచబడి మనిషి ఎండిపోతాడు. మన పెద్దలు గ్రహణి అని పిలిచే జబ్బు కోవకు చెందినది. ఆ కాలపు ఆంగ్ల వైద్యానికి దీని మూలం తెలియదు. సుబ్బారావు సైతం ఆ వ్యాధి బారిన పడి, లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. సోదరులను తీసుకుపోయిన ఆ రోగానికి మందు ఏమిటన్న ప్రశ్న ఆయనను విడిచిపెట్టలేదు. అదే మద్రాసు వైద్య కళాశాలలో కొన్నేళ్ళ ముందు చదివి వెళ్ళిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారికి 1923లో చెల్లెలి క్యాన్సర్ మరణం ఇటువంటి గాయమే చేసింది. ఆ గాయం 1954లో అడయారు క్యాన్సర్ సంస్థ అయింది. సుబ్బారావు దారి సముద్రం దాటింది.

మామగారి సహాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన ద్రవ్యం చేతపట్టుకొని 1922 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. ఇంటి దగ్గర భార్య గర్భవతి. పుట్టిన మగబిడ్డ ఏడాది నిండకుండానే చర్మానికి సోకిన జబ్బుతో మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విద్య అభ్యసిస్తూ, జీవిక కోసం రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మూత్రపాత్రలు కడిగే పనికి కుదిరారు. వైద్య పట్టా ఉండీ ఆ దేశంలో వైద్యం చేసే అర్హత లేకపోవడమే కారణం. పగలు పాఠాలు, రాత్రి పాకీ పని. ఆపైన జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధకుడయ్యారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే సులువైన పద్ధతిని ఇద్దరూ కలసి 1925లో ప్రకటించారు. ఫిస్క్ - సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది తరతరాల విద్యార్థులకు పాఠమైంది. ఆ కొలబద్ద చేతికి వచ్చాకే కండరం రహస్యం బయటపడింది. కండరాన్ని కదిలించే శక్తి ఎక్కడ దాగి ఉన్నదో వెదుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాలను వారు లోకానికి చూపారు. ఏ.టి.పి.ని అదే యేడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. ప్రాణి కదలాలన్నా, ఆలోచించాలన్నా, కణం చీలి రెండు కావాలన్నా ఖర్చయ్యే శక్తి ఈ ఏ.టి.పి. ద్వారానే అందుతుంది.

1930లో డాక్టరేటు వచ్చింది. అయినా హార్వర్డు ఆయనకు శాశ్వతమైన ఉద్యోగం ఇవ్వలేదు. కొన్ని పరిశోధనల ఫలితాలను ఫిస్క్ బయటికి రానివ్వలేదనీ, వాటిని తరువాతి కాలంలో ఇతరులు మళ్ళీ మొదటినుండి కనుగొనవలసి వచ్చిందనీ ఆయనతో కలిసి పనిచేసిన జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. ఈ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పొందినవాడు గనుక మాటకు బరువుంది. సుబ్బారావు మాత్రం ఎవరిమీదా ఫిర్యాదు చేసిన మనిషి కాదు. తన పేరు ముందుకు నెట్టుకునే అలవాటే ఆయనకు లేదు. ఈ గుణాన్ని మెచ్చుకోవచ్చు గాని, దానివల్ల ఆయనకు దక్కవలసినది దక్కలేదన్నదీ అంతే నిజం.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అనతికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ సారథి అయ్యారు. సోదరుల వ్యాధిని గూర్చిన పాత ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఇప్పుడు మనుషులూ, ధనమూ, పరికరాలూ ఉన్నాయి.

ఆ సమాధానానికి సంబంధించిన తొలి జాడ మన దేశంలోనే దొరికి ఉండడం విశేషం. 1928 తరువాత బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణుల తీవ్ర రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారం తినిపిస్తే అది తగ్గుతున్నదని గుర్తించింది. అందులో ఉన్నది ఏమిటో తెలియదు. కాలేయంలోను, ఆకుకూరల్లోను కూడా అటువంటిదేదో ఉన్నదని ఇతరులు కనిపెట్టారు. సుబ్బారావు బృందం దానిని కాలేయం నుండి వేరుచేసి, నిర్మాణం తెలుసుకొని, 1945లో కృత్రిమంగా తయారుచేయగలిగింది. అదే ఫోలిక్ ఆమ్లం. వెంటనే దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రక్తం పట్టింది, మనుషులు లేచి కూర్చున్నారు. ఇరవై ఏళ్ళకు పైబడిన ఆ ప్రశ్నకు జవాబు దొరికింది, కాని సోదరులు లేరు.

కణం రెండుగా చీలాలంటే ముందుగా తనలోని వంశసూత్రాలను, అంటే డి.ఎన్.ఏ.ను, మరొక నకలు తీసుకోవాలి. ఆ నకలుకు కావలసిన ఇటుకలను తయారు చేయడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఎముక మజ్జలో క్షణక్షణం రక్తకణాలు పుడుతుంటాయి గనుక అది కొరవడితే తొలి దెబ్బ రక్తానికే తగులుతుంది. గర్భంలోని పిండానికీ ఇదే లెక్క. అయితే అతి వేగంగా చీలే కణం మరొకటి ఉంది: క్యాన్సర్ కణం.

బోస్టన్ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో వచ్చిన పసివారికి లెడర్లీ పంపిన ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను ఇచ్చి చూశాడు. మేలు జరగలేదు సరికదా, రోగం మరింత వేగం పుంజుకున్నట్లు కనిపించింది. ఆ చేదు అనుభవమే దారి చూపింది. పోషించేది రోగాన్ని పెంచితే, పోషణను అడ్డగించేది రోగాన్ని ఆపాలి కదా! సుబ్బారావు బృందంలోని రసాయనవేత్తలు ఫోలిక్ ఆమ్లాన్ని అచ్చంగా పోలి ఉండి, పని మాత్రం చేయని అణువులను తయారుచేశారు. కణం దానిని అసలుదే అనుకొని లోపలికి తీసుకుంటుంది. లోపలి యంత్రాంగం దానితో బిగిసిపోతుంది. నకలు తీయడం ఆగుతుంది. వీటిలో ఒకటి అమినోప్టెరిన్. 1947 చివరలో ఫార్బర్ దానిని ప్రయోగించడం ప్రారంభించి, 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించాడు. పదహారుగురు పిల్లలలో పదిమందికి వ్యాధి తాత్కాలికంగా వెనక్కు తగ్గింది. అది శాశ్వతమైన నయం కాదు. అంతవరకు కొద్ది వారాలలోనే చేతులెత్తేయవలసిన రోగంలో అంతమాత్రం కూడా ఎవరూ ఎరుగనిది. దాని తోబుట్టువైన మరొక అణువే మెథోట్రెక్సేట్.

ఇదే కాలంలో ఆయన పర్యవేక్షణలో బోదకాలు వ్యాధికి హెట్రజాన్, తొలి టెట్రాసైక్లిన్ జాతి మందు ఆరియోమైసిన్ కూడా వెలువడ్డాయి. మన దేశంలో బోదకాలు నివారణకు ఊరంతటికీ పంచే డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. ఒక్కొక్కటీ ఒక జీవితకాలపు పనికి సరిపోయేవి. వాటిని గూర్చి వేరుగానే చెప్పుకోవాలి.

1948 ఆగస్టులో, ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకు, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు యాభై మూడు. ఇరవై ఆరేళ్ళ క్రితం విడిచివచ్చిన భార్యను ఆయన మళ్ళీ చూడలేదు, స్వదేశానికి మరి రాలేదు. భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలు 1946లో కలిగినా ఆయన దానిని స్వీకరించలేదు. తిరిగి వెళ్ళాలన్న తలంపు ఆయనలో చావలేదనడానికి దీనిని నిదర్శనంగా చూడవచ్చు. మరి శేషగిరమ్మ గారి ఎదురుచూపుకు సమాధానం ఎవరు చెప్పాలి? లోకానికి మేలు చేసిన జీవితాలను కొలిచేటప్పుడు ఇంటివారు చెల్లించిన మూల్యాన్ని తూకంలో వేయకపోవడం మన అలవాటు.

ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు మెథోట్రెక్సేట్ తన అసలు బలాన్ని చూపింది. ఆడవారి వ్యాధిలో చూపింది. కొందరికి గర్భం పిండంగా ఎదగక ద్రాక్షగుత్తివంటి బుడగలుగా మారుతుంది. ముత్యాల గర్భం అంటారు. అరుదుగా దానినుండి గాని, మామూలు కాన్పు తరువాత మిగిలిన మావి కణాల నుండి గాని కోరియోకార్సినోమా అనే ఉగ్రమైన కణితి పుడుతుంది. మరీ అరుదుగా అది నేరుగా అండాశయంలోనే పుట్టవచ్చు. ఊపిరితిత్తులకు పాకితే అప్పట్లో ఆశ లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు అటువంటి స్త్రీలకు మెథోట్రెక్సేట్ ఇచ్చి 1956లో ఫలితాలు వెల్లడించారు. గడ్డలు కరిగిపోయాయి. గడ్డకట్టి పెరిగే క్యాన్సర్‌ను కేవలం మందుతో నయం చేయవచ్చునని అలా తేలింది.

ఇక్కడే సూచిక మాంసకృత్తుల కథ మొదలవుతుంది. ఈ కణితి హెచ్.సి.జి. అనే హార్మోనును విడుదల చేస్తుంది. నెల తప్పినదీ లేనిదీ తేల్చడానికి మూత్రంలో చూసేది కూడా దానినే. ఛాయాచిత్రంలో గడ్డ మాయమైనా మూత్రంలో ఆ హార్మోను జాడ మిగిలి ఉన్నదని లీ గమనించాడు. కంటికి కనిపించని కణాలు ఇంకా ఉన్నాయన్నమాట. సూచిక పూర్తిగా లేకుండా పోయేవరకు మందు ఆపరాదని ఆయన పట్టుబట్టాడు. గడ్డ పోయాక కూడా ఇంత విషం ఎందుకని పైవారు ఆక్షేపించారు. లీ ఆ సంస్థను వదలవలసి వచ్చింది. కాలం ఆయన పక్షానే తీర్పు చెప్పింది. మందు ముందుగా ఆపినవారిలో రోగం తిరగబెట్టింది. సూచిక తుడిచిపెట్టుకుపోయేవరకు వాడినవారు బ్రతికి బయటపడ్డారు. 1972లో లీకి, హెర్ట్జ్‌కు లాస్కర్ పురస్కారం లభించింది.

అండాశయ కణితులలో ఎక్కువ భాగం వేరే రకానికి చెందినవి. వాటికి ప్రధానమైన మందులు ప్లాటినం జాతివి, మెథోట్రెక్సేట్ కాదు. కాని సూచికను వెదికే ఆలోచన వాటికీ పాకింది. 1981లో బోస్టన్‌లో, ఫార్బర్ పేరిట వెలసిన సంస్థలోనే, రాబర్ట్ బాస్ట్ బృందం సి.ఏ.125 అనే మాంసకృత్తును గుర్తించే పద్ధతిని కనిపెట్టింది. చికిత్స పనిచేస్తున్నదా, రోగం తిరగబెట్టిందా అని చూడడానికి నేటికీ రక్తంలో దానినే కొలుస్తారు. అయితే ఈ ఒక్క అంకెను చూసి బెంబేలు పడరాదు, నిశ్చింతగా ఉండనూరాదు. బహిష్టులో, గర్భంలో, కడుపులోని క్షయలో కూడా అది పెరుగుతుంది. తొలిదశ క్యాన్సర్‌లో సుమారు సగం మందిలో పెరగనే పెరగదు. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలతో జరిగిన పరిశీలన 2021లో ముగింపు ఫలితాలు ఇచ్చింది: ఏ బాధా లేనివారికి ఈ పరీక్ష చేస్తూ పోవడం వల్ల మరణాలు తగ్గలేదు. ఉబ్బిన కడుపు వారాల తరబడి తగ్గకపోవడం, రెండు ముద్దలకే నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం వంటివి కొత్తగా మొదలై విడవకుంటే, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలు, గ్యాసని సరిపెట్టుకోక వైద్యుని వద్దకు వెళ్ళి స్కానింగు చేయించుకోవాలి.

కణితి ముక్కను పరీక్షించేటప్పుడు కి-67 అనే మరొక మాంసకృత్తును కూడా చూస్తారు. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో బయటపడినందున దానికి ఆ పేరు. చీలే పనిలో ఉన్న కణాలలోనే అది కనిపిస్తుంది గనుక నూటికి ఎన్ని కణాలు పెరుగుతున్నాయో లెక్కించవచ్చు.

మెథోట్రెక్సేట్ గురించి ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు దీనిని చిన్న మోతాదులో వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. ఏ వారం మింగాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకొని, ఇంట్లో చదువు వచ్చినవారు దగ్గరుండి ఇవ్వడం మేలు. గర్భిణులు దీనిని వాడరాదు.

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళను విడుదల చేసింది. శాస్త్రంలో మాత్రం ఆయన పని మరొక దారిన తిరిగి వచ్చింది. 1987లో ఇటలీలోని మిలాన్ పరిశోధకులు అండాశయ కణితుల పైపొరకు అంటుకునే ఒక ప్రతిరక్షకాన్ని తయారుచేశారు. అది దేనిని పట్టుకుంటున్నదో 1991 నాటికి తేలింది: ఫోలిక్ ఆమ్లాన్ని కణంలోనికి చేరవేసే గ్రాహకాన్ని. మామూలు కణాలపై అంతగా కనిపించని ఆ మాంసకృత్తు అండాశయ క్యాన్సర్ కణాలలో అధిక భాగంపై దట్టంగా ఉంటుంది. ఆకలిగొన్న కణం ఫోలిక్ ఆమ్లం కోసం తలుపులు ఎక్కువ పెట్టుకున్నట్లన్నమాట. ఆ తలుపునే గుర్తుపట్టి విషాన్ని లోపలికి మోసుకుపోయే మిర్వెటుక్సిమాబ్ అనే మందుకు అమెరికా ఔషధ సంస్థ 2022 నవంబరులో అనుమతి ఇచ్చింది. ప్లాటినం మందులకు లొంగని అండాశయ క్యాన్సర్ ఉన్నవారికి, కణితి ముక్కలో ఆ గ్రాహకం దండిగా ఉన్నదని పరీక్షలో తేలితేనే దానిని ఇస్తారు.